లాగడం సరే... ఆపడం సంగతేంటి?

పోచారం అనగానే హైదరాబాద్ జనానికి గుర్తొచ్చేది అలుగు. వానాకాలంలో మెదక్ మీదుగా కార్లేసుకుని వస్తారు, అలుగు ముందు నాలుగు ఫొటోలు దిగుతారు, కాల్చిన మక్క కంకి తిని వెళ్లిపోతారు. నిజాం కాలంలో, 1922లో పూర్తయిన ఆ ప్రాజెక్టుకి ఇంకో ముఖం ఉంది. అది దాని కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో పండే వరి. కోతల వేళకి పొలం ఆరితే సరే. ఆరకపోతే మాత్రం వడ్లు నింపిన ట్రాలీ మడిలో కూరుకుపోతుంది, వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటాయి, ఆకాశం మళ్లీ మబ్బు పడుతుంటుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్ని ముంచెత్తిన వానల తర్వాత ఈ భయం ఇంకాస్త పెరిగింది.

అందుకే ఈమధ్య ఊరి నుంచి ఫోన్ వస్తే కుశల ప్రశ్నల తర్వాత రెండో మాట ఇదే: "తమ్మీ, నువ్వు కంప్యూటర్ల పనిజేస్తవ్ గదా! ఆ నెట్‌ల సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ ట్రాక్టర్ మంచిదుంటే సూడరాదు!"

చూడొచ్చు. పది నిమిషాల్లో యాభై ఫొటోలు దొరుకుతాయి. అన్నిటికీ కొత్త పెయింటే, అన్నీ "సింగిల్ ఓనర్", అన్నీ "టైర్లు 80 శాతం". ఫొటోలో కనపడని సంగతులే అసలు సంగతులు. ఈ వారం వాటి గురించి మాట్లాడుకుందాం.

ముందు చిన్న లెక్క

ఐదో తరగతి లెక్కే, భయపడకండి. కొనుగోలు కేంద్రంలో ఒక్కో బస్తా 40 కిలోలు. 150 బస్తాలు వేస్తే 6 టన్నులు. ఖాళీ ట్రాలీ ఓ 2 టన్నులు అనుకుందాం. మొత్తం 8. మెత్తటి మడిలో ఆ ట్రాలీని కదిలించాలంటే దాని బరువులో పదో వంతు బలమైనా కావాలి. అంటే దాదాపు 800 కిలోల లాగుడు.

ఇప్పుడు ట్రాక్టర్ సంగతి. దాని బరువు 2 టన్నులు అనుకుంటే, వెనక చక్రాల మీద పడేది 1,300 కిలోల దాకా ఉంటుంది. బురదలో టైరు పట్టు ఆ బరువులో 40 శాతం మించడం కష్టం. అంటే టూ వీల్ డ్రైవ్ బండి లాగగలిగేది 520 కిలోలు. ఇంజన్‌లో 50 హార్స్ పవర్ ఉన్నా, 60 ఉన్నా ఇంతే. పట్టు లేనప్పుడు పవర్ చక్రాన్ని తిప్పుతుంది తప్ప బండిని కదల్చదు. ఫోర్ వీల్ అయితే మొత్తం 2 టన్నులూ పట్టుకి పనికొస్తాయి కాబట్టి 800 కిలోలు వస్తాయి. బండి బయటపడుతుంది. పొలంలో ఫోర్ వీల్ డ్రైవ్ గొప్ప ఇదే.

ఇదే లెక్కలో ఇంకో సంగతి దాగుంది. ట్రాలీలో సగమే, అంటే 75 బస్తాలే వేస్తే మొత్తం 5 టన్నులు. దానికి కావాల్సిన లాగుడు 500 కిలోలు. అంటే మామూలు టూ వీల్ బండే కష్టపడి లాగేస్తుంది! ఒక్క ట్రిప్పుని రెండు చేసుకుంటే సరిపోయే చోట లక్షలు పోసి ఫోర్ వీల్ కొనాలా అన్నది మొదటి ప్రశ్న. మీ పొలం ఏటా మెత్తగానే ఉంటుందా, దమ్ము పని కూడా ఉందా, కిరాయికి తిప్పుతారా? వీటికి "అవును" అయితే కొనండి. పనిలో ముప్పాతిక వంతు తారు రోడ్డు మీదే అయితే ఆ డబ్బుతో మంచి టూ వీల్ బండి, దాంతోపాటు గట్టి ట్రాలీ వస్తాయి.

"ట్రాక్టర్ ఎందుకు, ఫోర్ బై ఫోర్ జీపు కొంటే ఇంటికీ పనికొస్తుంది, ట్రాలీకీ పనికొస్తుంది కదా" అని అడిగే కుర్రాళ్లకి ఒక్క మాట. జీపుకి ఎంత బరువు తగిలించొచ్చో దాని మాన్యువల్‌లో చూడండి. వడ్ల ట్రాలీ ఆ లెక్కలోకి రాదు. ఇంకో బండిని తాడేసి బయటికి లాగడం వేరు, 8 టన్నులు వెనకేసుకుని తిరగడం వేరు.

మడిలో నాలుగు, రోడ్డు మీద రెండు

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్న. ఫోర్ వీల్ డ్రైవ్ పుణ్యమా అని 8 టన్నులూ బురదలోంచి రోడ్డెక్కాయి. సంతోషం. రోడ్డెక్కగానే డ్రైవర్ ఫోర్ వీల్ లీవర్ తీసేస్తాడు. తీయాలి కూడా, ఎందుకో కింద చెప్తాను. మన దగ్గర చాలా ట్రాలీలకి బ్రేకులుండవు. ట్రాక్టర్ బ్రేకులు పనిచేసేది వెనక చక్రాల మీదే. అంటే నాలుగు చక్రాలు కలిసి బయటికి తెచ్చిన బరువుని ఆపాల్సింది రెండే చక్రాలు!

గంటకి 20 కిలోమీటర్ల వేగంతో ఈ 10 టన్నులూ వెళ్తున్నాయనుకోండి. పొడి తారు రోడ్డు, సమతలం, మంచి బ్రేకులు. స్థూలంగా లెక్కేస్తే బ్రేకు తొక్కాక 16 మీటర్లలో ఆగుతుంది. అదే 20 మీటర్లకి ఒక మీటరు దిగే వాలులో అయితే 33 మీటర్లు పడుతుంది. రెట్టింపు! కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు గడిచే ఐదారు మీటర్లు దీనికి అదనం. కాల్వ కట్ట దిగే దారులు, వాగు కల్వర్టుకి ముందుండే దిగుళ్లు ఇంతకన్నా నిటారుగా ఉండేవి మీకూ తెలుసు.

ఆ దిగుడులో ఫోర్ వీల్ వేసి ఉంచితే? వెనక బ్రేకు బలం షాఫ్టు ద్వారా ముందు చక్రాలకీ అందుతుంది. అదే లెక్కలో 33 మీటర్లు 17, 18కి పడిపోతాయి. ఫోర్ వీల్ డ్రైవ్‌ని లాగడానికే అనుకుంటాం గానీ, బరువుతో దిగేటప్పుడు ఆపడానికి కూడా అది అక్కరకొస్తుంది. అయితే ఇదంతా ముందు యాక్సిల్ సవ్యంగా ఉంటేనే. కాబట్టి సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజన్ కన్నా ముందు మీరు వంగి చూడాల్సింది దాన్నే.

వంగి చూడండి

ఫోర్ వీల్ బండికి అదనంగా పోసే డబ్బంతా ముందు యాక్సిల్‌కే. ఒకే మోడల్ పేరు మీద రెండు రకాలూ వస్తాయి. జాన్ డీర్ 5310, న్యూ హాలండ్ 3630, స్వరాజ్ 855, అర్జున్ నోవో 605... అన్నీ అంతే. బానెట్ మీది పేరు చూసి తీర్మానించుకోవద్దు. బండి కింద గేర్ బాక్సు నుంచి ముందుకెళ్లే షాఫ్టు ఉందా, దాని జాయింట్లు చేత్తో కదిపితే లూజున్నాయా చూడండి.

తర్వాత అడగాల్సింది బండి ఎక్కడ పనిచేసిందని. వరి ప్రాంతంలో ట్రాక్టర్ చాలా రోజులు దమ్ములో, అంటే మోకాలి లోతు నీళ్లలో తిరుగుతుంది. ముందు చక్రాల హబ్బుల్లో సీళ్లు పాడైతే బురద నీళ్లు లోపలికి పోతాయి. బయటికి ఏమీ కనపడదు. హబ్బు కింద ఆయిల్ ప్లగ్గు కాస్త వదులు చేయించి నాలుగు చుక్కలు పట్టండి. ఆయిల్ ఆయిల్‌లా ఉంటే సరే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీళ్లున్నట్టే, గేర్లు, బేరింగులు తుప్పు పట్టడం మొదలైనట్టే. అమ్మేవాళ్లు ప్లగ్గు విప్పనివ్వకపోతే అదీ ఒక జవాబే.

ఆ తర్వాత టైర్లు. "80 శాతం" అన్న మాట పక్కన పెట్టి, నాలుగు టైర్ల మీదా సైజు నంబర్లు చదవండి. ఫోర్ వీల్ ట్రాక్టర్‌లో ముందు చక్రాలు వెనక వాటికన్నా కొంచెం ఎక్కువ దూరం తిరిగేలా, నూటికి ఒకటి నుంచి ఐదు దాకా ముందంజలో ఉండేలా గేర్లు కుదురుస్తారు. అలా ఉంటేనే ముందు చక్రాలు లాగుతాయి. ఎవరో చవగ్గా దొరికిందని వేరే సైజు టైరేసినా, వెనక అరిగిపోయినవి ఉంచి ముందు కొత్తవి వేసినా ఆ పొంతన చెడుతుంది. ముందువి బాగా అరిగితే అవి లాగడం మానేసి లాగించుకోవడం మొదలెడతాయి.

దీన్ని కొలవడం తేలికే. మట్టి నేల మీద ముందు చక్రానికి, వెనక చక్రానికి సుద్దముక్కతో గీత పెట్టండి. ఫోర్ వీల్ వేయకుండా వెనక చక్రం పది చుట్లు తిరిగే దాకా బండి నడపమని, ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మళ్లీ ఫోర్ వీల్ వేసి అదే పని చేయండి. రెండోసారి లెక్క కాస్త ఎక్కువ రావాలి. సమానంగా వచ్చినా, తక్కువొచ్చినా ముందు టైర్లు మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

గట్టి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపొద్దనేది కూడా ఇందుకే. బురదలో ఆ తేడా టైరు జారడంలో సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ బలమంతా గేర్ల మీద పడుతుంది. పాత ఓనర్ ఏడాది పొడుగునా రోడ్డు మీద కూడా లీవర్ వేసే తిప్పాడా అన్నది ముందు టైర్ల గొబ్బలు చూస్తే తెలుస్తుంది. వెనకవి బాగుండి ముందువి నున్నగా అరిగితే అనుమానించండి. బరువుతో దిగుడు దిగేటప్పుడు మాత్రం ముందే వేసుకుని, కింద సమతలం రాగానే తీసేయడం మంచిది.

చల్లటి ఇంజన్, వేడి మాటలు

చూడ్డానికి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి చెప్పండి: "అన్నా, నేనొచ్చేదాక స్టార్ట్ జెయ్యకు." వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఓ టీ తాగి, చల్లారాక మొదలెట్టండి. ముసలి ఇంజన్ వేడి మీద మంచిదే, పొద్దున్నే లేపినప్పుడే దాని వయసు బయటపడుతుంది.

స్టార్ట్ అయ్యాక పొగ రంగు చూడండి. నీలంగా అదేపనిగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువో, గాలి తక్కువో. ఎయిర్ ఫిల్టర్‌తో పోయే జబ్బు కూడా కావొచ్చు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే మెకానిక్‌కి చూపించాలి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పొగ గుప్పుగుప్పుమని తన్నుతుందా? అయితే లోపల రింగులు అరిగాయి, ఇంజన్ పని దగ్గర్లోనే ఉంది.

ట్రాక్టర్ వయసు కిలోమీటర్లలో కాదు, గంటల్లో చూస్తారు. అవర్ మీటర్ 1,800 చూపిస్తోంది, బండికి ఎనిమిదేళ్లు అనుకుందాం. ఏడాదికి 225 గంటలే. సొంత పొలానికే వాడితే నమ్మొచ్చు. కిరాయికి తిప్పిన బండికి ఇది మరీ తక్కువ. మీటరు మార్చొచ్చు గానీ క్లచ్ పెడల్ రబ్బరు, సీటు, స్టీరింగ్ అరుగుదల అన్నీ కలిపి మార్చడం ఎవరికీ గుర్తుండదు.

ఇంకో తేడా తెలిసి ఉండాలి. 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలొచ్చాయి. దాంతో ఆ తరగతిలో సెన్సార్లు, ఎలక్ట్రానిక్స్ ఉన్న ఇంజన్లు వచ్చాయి. వాటిని విప్పాలంటే పానాతోపాటు కంప్యూటర్ కూడా కావాలి. నా వృత్తికి ఇది సంతోషకరమైన వార్తే గానీ, కోతల మధ్యలో బండాగిపోయినోడికి కాదు. మీ దగ్గర్లో ఆ కంపెనీ సర్వీసు ఉందా, ఎంత దూరం అన్నది చూసుకునే కొత్త తరం బండి జోలికెళ్లండి. లేకపోతే మీ ఊరి మెకానిక్ చెయ్యి తిరిగిన పాత రకమే మేలు.

ఏ మోడల్ నిజంగా ఎంత లాగుతుందో తెలియాలంటే బ్రోచర్ చాలదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లని పరీక్షించి రిపోర్టులిస్తుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా వ్యవసాయ యంత్రాల పరీక్షా సంస్థ ఉంది. ఆ రిపోర్టుల్లో ఇంజన్ పవర్‌తోపాటు డ్రాబార్ దగ్గర లాగే బలం కూడా ఉంటుంది. ట్రాలీకి పనికొచ్చే అంకె అదే.

పిన్ను మీదే ప్రాణం

బండికీ ట్రాలీకీ మధ్య ఉండేది ఒక్క హుక్కు, ఒక్క పిన్ను. పిన్ను దూరే రంధ్రం గుండ్రంగా ఉందో, కోడిగుడ్డులా సాగిందో చూడండి. హుక్కు బిగించే చోట వెల్డింగ్ అతుకులున్నాయా, హౌసింగ్ మీద పగుళ్లున్నాయా చూడండి. అక్కడ మాత్రమే కొత్త పెయింట్ మందంగా ఉంటే గోరుతో గీకండి, సిగ్గుపడొద్దు. పిన్ను కింద జారిపోకుండా ఆపే క్లిప్పు ఉండాలి, కట్టుతీగ కాదు.

కూరుకుపోయిన బండిని లాగేటప్పుడు గొలుసుని పైన టాప్ లింకు దగ్గర తగిలించడం చాలాచోట్ల కనపడుతుంది. వెనక యాక్సిల్ కన్నా ఎత్తులో బరువు తగిలితే ముందు చక్రాలు లేచి, ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. డ్రైవర్‌కి దూకేంత టైం ఉండదు. గొలుసు ఎప్పుడూ కింది డ్రాబార్‌కే.

ఖాళీ బండి పరీక్ష, పరీక్షే కాదు

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక నియమం ఉంది. పదిమంది వాడినప్పుడు నడిచిన వెబ్‌సైట్, లక్షమంది వచ్చినప్పుడు నడుస్తుందన్న హామీ లేదు. అందుకే బరువేసి చూస్తాం. ట్రాక్టర్ కొనేవాళ్లు మాత్రం ఖాళీ బండి మీద ఊరు చుట్టూ ఓ రౌండేసి "మంచిగనే ఉంది" అంటారు. నిండు ట్రాలీ తగిలించమని అడగండి. ఎవరిదైనా అరువు తీసుకోండి.

ముందు, రెండు బ్రేకు పెడళ్లనీ కలిపే లాకు ఉందా, సరిగ్గా పడుతుందా చూడండి. పొలంలో మలుపుకి విడివిడిగా తొక్కుతారు, రోడ్డు మీద కలిపి ఉంచాలి. అది ఊడిపోయిన బండిలో ఒక పక్కే బ్రేకు పడితే ట్రాలీ అడ్డం తిరుగుతుంది. తర్వాత ఖాళీ జాగాలో మెల్లగా నడిపిస్తూ బ్రేకు తొక్కించండి, రెండు వెనక చక్రాలూ సమానంగా పట్టాలి. ఎక్కుడులో ఆపి మళ్లీ కదిలించండి. క్లచ్చు వాసనొస్తే దాని పనైపోయింది. లోడులో గేరు తనంతట తాను న్యూట్రల్‌కి జారితే బేరం అక్కడితో ఆపేయండి. చివరగా మెత్తటి మడిలో ఫోర్ వీల్ వేసి, మీరు పక్కన నిలబడి ముందు చక్రాలు నిజంగా పట్టి లాగుతున్నాయా చూడండి. లీవర్ పడటం ఎంత ముఖ్యమో, తీస్తే రావడమూ అంతే ముఖ్యం.

కాగితాలు కూడా బ్రేకులే

ఆర్‌సీ, అమ్మే మనిషి ఆధార్ ఒకే పేరు మీద ఉండాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు చేతులు మారకూడదు. బదిలీకి ఫారం 29, 30. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని ఆర్‌సీ కూడా అడగండి. ఇన్సూరెన్స్ పాలసీలో ట్రాలీ కూడా రాసి ఉందో చూడండి.

"పేరు మార్పు తర్వాత జూద్దాం లే" అనేవాళ్లు రెండు వైపులా ఉంటారు. అమ్మినాయన రాష్ట్రంలోనే అయితే 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నాయన 30 రోజుల్లో బదిలీకి పెట్టుకోవాలి. చట్టం చెప్పేది ఇదే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, ప్రమాదం జరిగిన రోజు రికార్డుల్లో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదే, బండి నాలుగు చేతులు మారినా సరే. కాబట్టి పేరు మార్పు తొందర కొనేవాళ్లకన్నా అమ్మేవాళ్లకే ఉండాలి.

ధర విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్న బండిని పాత కొత్త ధరతో పోల్చి "ఇంత తగ్గించి ఇస్తున్నా" అంటే ఒప్పుకోవద్దు. ఇవాళ షోరూంలో అదే మోడల్ ఎంతో కనుక్కుని, అక్కణ్నుంచి బేరం మొదలెట్టండి.

చివరి మాట ట్రాలీలో కూర్చునే మనుషుల గురించి. 2018లో ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్లు కాల్వల్లో పడ్డాయి. రెండు చోట్లా కలిపి ఇరవై మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ పొలం పనులకి పోయే ఆడవాళ్లే. వడ్ల బస్తాకీ మనిషికీ తేడా చట్టానికి తెలుసు, ట్రాలీలో మనుషుల్ని ఎక్కించొద్దంటుంది. బరువుకి మాత్రం ఆ తేడా తెలియదు. దిగుడులో ఏదైనా ఒకేలా నెడుతుంది.

అందుకే బండి చూడ్డానికి వెళ్లినప్పుడు "ఎంత లాగుతది?" అని అడగండి, తప్పులేదు. వెంటనే "నిండు ట్రాలీతోని కట్ట దిగేటప్పుడు ఎక్కడ ఆగుతది?" అని కూడా అడగండి. దానికి మాటతో జవాబు చెప్పేవాళ్ల దగ్గర కాదు, తాళం తీసి దిగి చూపించేవాళ్ల దగ్గర కొనండి.